విషమును గుర్తించు గొలుసు

రొయ్యల చెరువులో అమ్మోనియా పెరిగినచో రైతుకు నిద్ర పట్టదని భీమవరము వైపునుండి వచ్చు విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. పాలిఅనిలీను పాఠము సాగుచుండగా వారిలో నొకడు, "అయితే మాస్టారూ, ప్లాస్టిక్కు అమ్మోనియా వాసన పట్టేస్తుందా?" అని యడిగెను. పట్టును. ఆమ్లము చేర్చిన పాలిఅనిలీను ఆకుపచ్చగా నుండి విద్యుత్తును ప్రవహింపనిచ్చును. అమ్మోనియా సోకగనే ప్రోటానులు హరింపబడి, నీలివర్ణము దాల్చి, విద్యుద్బంధకమై పోవును. కాని ప్రోటానును హరింపగల క్షార మేది వచ్చినను అది అట్లే మారును. వాసన పట్టుట వేరు, వచ్చినవా డెవడో గుర్తించుట వేరు.

ఆ రెండవ పనికి రసాయనవేత్తలు అణువుల కొలతకు సరిపోవు గ్రాహకములను నిర్మింప నేర్చిరి. నన్ను ముగ్ధుని జేసినది మాత్రము, 1977 లో మెక్‌డయార్మిడ్, హీగర్, షిరకావాలు పాలిఎసిటిలీను చేత విద్యుత్తును మోయించిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముననే, 1995 లో టిమొతీ స్వేగరు బృందము పన్నిన యుక్తి.

మన రైతులు గడ్డిమందుగా నెఱిగిన పారాక్వాట్ రెండు ధనావేశములు గలది. ఎలక్ట్రాను సమృద్ధి గల వలయాకారపు సైక్లోఫేను అణువు దానిని తన నడుమ ఇముడ్చుకొనును. కాంతి సోకినచో వెలుగునట్టి ఈ వలయములు నూరు ద్రావణములో విడివిడిగా నున్నచో, ఒకదానిలో విషము చేరినప్పుడు ఆ ఒక్కదాని వెలుగే ఆఱును. తక్కిన తొంబదితొమ్మిదియు వెలుగుచునే యుండగా ఆ స్వల్పభేదము నెవరు కనిపెట్టగలరు? స్వేగరు ఆ వలయములను ఒకే సంయుగ్మ పాలిమరు గొలుసుపై వరుసగా గూర్చెను. కాంతి సోకగా గొలుసులో జనించిన ఉత్తేజము ఒకచోట నిలువక, వలయమునుండి వలయమునకు సంచరించుచు, ఎచ్చట పారాక్వాట్ ఎదురైన నచ్చటనే తన ఎలక్ట్రానును దాని కర్పించి ఆఱిపోవును. ధవళేశ్వరము దిగువ ఒక్క లాకు మూసినచో ఆ కాలువ క్రింది ఆయకట్టంతయు నెఱుగునట్లు, ఒక్క వలయము నిండినచో గొలుసంతయు నెఱుగును.

సూక్ష్మగ్రాహ్యత 60 రెట్లకు పైగా హెచ్చెను. ఒక మేరకు మించి గొలుసును పొడిగించినను లాభము లేకపోయెను. ఏలయన ఉత్తేజము ముందునకును వెనుకకును తిరుగుచు, చూచిన వలయములనే మఱల చూచుచు, అల్పాయువు తీఱగనే కాంతియై వెడలిపోవును. అది నిజముగా సంచరించుచున్న దనుటకు ఈ హద్దును మించిన సాక్ష్యము నాకు కనబడదు.

పిమ్మటి కథ వడివడిగా నడచినది. పాలిఎసిటిలీను మువ్వురికి 2000 లో నోబెల్ బహుమతి వచ్చెను. అంతకు ముందే, 1998 లో, అప్పటికే ఎమ్.ఐ.టి. చేరియున్న స్వేగరు పెంటిప్టిసీను కట్టడముతో గొలుసులు ఒకదానినొకటి ఒరసికొనకుండ నిలిపి, వాని నడిమి ఖాళీలలోనికి టి.ఎన్.టి. ఆవిరి చొరబడునట్లు పలుచని పొర చేసెను; మందుపాతరలను వెదకు పరికరములు కొన్ని దానినుండి పుట్టినవి. అందు వలయము లేదు, ఖాళీయే చాలెను. అంత నేర్పుగా వలయమును పేర్చిన చేతులే దానిని ఇంత సులువుగా విడిచిపెట్టుట చూడగా నా మనస్సు కొంత చివుక్కుమనును.