మీకు తెలుసా? ఇసుకరేణువుకూ పుట్టినూరు ఉంటుంది

గోదావరి లోయలోని శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో బొగ్గు పొరల మీదా కిందా ఉండేది ఎక్కువగా ఇసుకరాయే. బరాకర్ ఇసుకరాయి అని దాని పేరు. వయసు దాదాపు 28 కోట్ల ఏళ్లు. కానీ అందులోని రేణువులు అంతకన్నా ఎంతో పాతవి!

ఇసుకలో అక్కడక్కడా కంటికి ఆనీ ఆనని జిర్కాన్ రేణువులుంటాయి. కరిగిన శిల చల్లారేటప్పుడు పుట్టే ఈ స్ఫటికం యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియమే మెల్లగా సీసంగా మారుతుంది. సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కొండ అరిగినా, ఏరు ఈడ్చుకుపోయినా ఈ లెక్క చెరగదు. అందుకే రేణువులోని యురేనియాన్నీ సీసాన్నీ కొలిచి పోలిస్తే అది ఏ కాలపు కొండలో పుట్టిందో తెలుస్తుంది.

ఇప్పుడు మన నేల సంగతి. గోదావరి లోయకు నైరుతిన ధార్వాడ్, ఈశాన్యాన బస్తర్ అనే రెండు ప్రాచీన భూఖండాలున్నాయి. ఆ రెంటి నడుమ అతుకు వెంట నేల కుంగబట్టే ఇక్కడ ఇసుకా బొగ్గూ పేరుకుని మిగిలాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆగ్నేయాన ఉన్న తూర్పు కనుమలది వేరే కథ. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట మన నేలా తూర్పు అంటార్కిటికా ఒకదాన్నొకటి ఒత్తుకున్నప్పుడు అక్కడి శిలలు కాగి, మారి, పైకి లేచాయి. కాబట్టి ఒక ఇసుకరాయిలో 100 కోట్ల ఏళ్ల జిర్కాన్లు గుంపుగా దొరికితే చూపు అటు తిరుగుతుంది. ఏ పొర నుంచి అవి రావడం మొదలైందో, ఆ పొర నాటికే ఆ కొండల ఇసుక ఇక్కడికి చేరే దారి ఏర్పడిందన్నమాట.

ఒక్క రేణువుతో తీర్పు చెప్పకూడదు. వందకు తక్కువ కాకుండా కొలవడం మేలు. ఏరు ఎటు పారిందో కూడా తెలియాలి. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలోని భీమారం చుట్టుపక్కల ఇసుకరాళ్లను పరిశీలించి భూవిజ్ఞాని సుప్రియ సేన్‌గుప్తా 1970లో వ్యాసం ప్రచురించారు. ఈ బొగ్గూ ఇసుకా పేరుకున్న గోండ్వానా కాలంలో ఈ లోయ ఏర్లు ఎక్కువగా ఉత్తర, వాయవ్య దిక్కులకు పారాయి. ఇప్పటి గోదావరిది ఆగ్నేయం దారి, అంటే దాదాపు ఎదురు!

ఈసారి వాగు ఒడ్డునో రోడ్డు కోతలోనో కదలకుండా ఉన్న ఇసుకరాయి కనబడితే కాసేపు ఆగండి. దాని పొరల్లో ఏటవాలు గీతలున్నాయేమో చూడండి. ఏరు పరిచిన ఇసుకైతే, అవి కిందికి వాలే దిక్కే దాదాపుగా ఆనాటి ఏటి దారి.