పురుషోత్తమ చౌదరిగారు – మన కీర్తనలు

ప్రార్థనవేళ మనము పాడు కీర్తనలు అందరికిని కంఠస్థములే గాని, వానిని రచించిన వారెవరని యడిగినచో ఉత్తరము చెప్పగలవారు కొలదిమంది మాత్రమే యుందురు. కీర్తనల పుస్తకమున పలుచోట్ల కానవచ్చు పేరు పురుషోత్తమ చౌదరిగారిది. వారి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

వీరు 1803వ సంవత్సరమున గంజాము జిల్లాయందలి మదనపురమున వంగ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. వంశము వంగదేశపుదైనను వారి కవితకు భాష తెలుగే. క్రైస్తవ గ్రంథములను చదివి, చిరకాలము విచారించి, 1833వ సంవత్సరమున కటకమునందు బాప్తిస్మము పొందిరి. అప్పటికి వారికి 30 ఏండ్ల ప్రాయము. ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట యనగా, తోడబుట్టినవారి పంక్తిని కూర్చుండి అన్నము తినుటకు నోచుకొనకపోవుట. పుట్టిన ఊరిలోనే పరాయివాడగుట. ఇట్టి నష్టము నెరిగియే వారు ముందడుగు వేసిరి.

అదే కాలమున ఇంగ్లండులో జాన్ కీబుల్ అను గురువు హర్స్‌లీ యను పల్లెయందు 1836 మొదలు 1866 వరకు సంఘమును కాచుచుండెను. అతడు 1827లో ప్రకటించిన భక్తిగీతముల గ్రంథము ఇంటింట చదువబడెను. అతడు తండ్రియు గురువుగా నున్న యింట పుట్టి, ఆ మార్గముననే నడచెను. చౌదరిగారో, తండ్రితాతల మార్గమును విడిచి వచ్చినవారు. కీబుల్ గీతములను చదువువారు అక్షరాస్యులు. చౌదరిగారి శ్రోతలలో అనేకులు అక్షరమెరుగని గ్రామస్థులు. తెలుగున క్రొత్తనిబంధన 1818లో అచ్చైనను, సంపూర్ణ బైబిలు 1850 తరువాత గాని వెలువడలేదు. కావున పుస్తకము చేయవలసిన పనిని పాట చేయవలసివచ్చెను.

అయితే ఎట్టి పాట? ఆంగ్ల రాగములకు తెలుగు మాటలు కూర్చుట యొక పద్ధతి. ఇందు చిక్కు గలదు. ఆంగ్లమున పదము ఊనికపై నడచును; తెలుగున హ్రస్వ దీర్ఘములపై నడచును. «పలు» అను మాటను రాగముకొరకు సాగదీసినచో «పాలు» అగును, అర్థము చెడును. చౌదరిగారు పల్లవి, చరణములతో, మన రాగతాళములతో కీర్తనలు రచించిరి. హరికథలును భజనలును విని పెరిగిన చెవికి అవి వెంటనే పట్టుబడినవి. వారి కీర్తనలు నూటికి మించి యున్నవి. «నిస్తారరత్నాకరము», «యేసునాయక శతకము» మున్నగు రచనలును వారివే. శతకమన్నది మన పిల్లలు బడిలో తొలుత వల్లించు సాహిత్యరూపమే గదా!

వారు కులమును విడిచిరి గాని పలుకును విడువలేదు. మతము మారినవాడు తన భాషకును సంగీతమునకును పరాయివాడు కానక్కరలేదని వారి జీవితమే చాటుచున్నది. క్రైస్తవ మతము పరదేశులదని యనువారికి వారి కీర్తనలకంటె వేరు ఉత్తరము వలదు.

చౌదరిగారు 1890వ సంవత్సరమున పరమపదించిరి. 1938లో మిల్లు స్థాపింపబడిన పిదప మన పట్టణమునకు కాగితమును బట్టియే కాగజ్‌నగరను పేరు వచ్చినది. కాగితము విలువ మనకు తెలియును. కాని కాగితము చేరని గుడిసెకు సైతము కీర్తన చేరినదను సంగతి మరువరాదు. చదువురాని అవ్వలు వానిని నేర్చి, మనుమలకు నేర్పిరి.

బాలబాలికలారా! ఇకమీదట కీర్తన పాడునపుడు శిరోభాగమున నున్న రాగతాళములను, చివరనున్న పేరును గూడ చదువుడు. ఆ చిన్న పేరు వెనుక ఎంత త్యాగమున్నదో తలచి, అర్థమెరిగి పాడుడు. మన పూర్వులకు మనము చెల్లింపగల కృతజ్ఞత యదియే.