సరీసృపముల శ్వాసబాధ

సింగపూరునందు బల్లిజాతి జంతువులను ఇంట పెంచుట చట్టవిరుద్ధము. సరీసృపములలో ఎఱ్ఱచెవుల తాబేలు, మలయా పెట్టెతాబేలు అను రెంటికే అచట అనుమతి గలదు. అయినను చాటుగా తెచ్చిన ఇగువానాలు, లెపర్డ్ గెకోలు, బియర్డెడ్ డ్రాగన్లు అప్పుడప్పుడు పట్టుబడుచునే యున్నవి. శిక్షకు వెఱచి యజమాని వైద్యుని కడకు పోక జాగుచేసినచో, కుదురదగిన వ్యాధియే ఆ మూగజీవికి ప్రాణాంతకమగుట మిగుల శోచనీయము.

ఈ జీవుల దేహోష్ణమే కాక రోగనిరోధకశక్తియు పరిసరోష్ణముపై ఆధారపడి యుండును. భూమధ్యరేఖకు 137 కిలోమీటర్ల దూరముననున్న ద్వీపమున చలి యెక్కడిదని తోచవచ్చును గాని, ఎండ కాచుకొనుటకు 40 డిగ్రీల తావు కోరు ఎడారి డ్రాగనును రేయింబవళ్లు ఏసీ నడచు గదిలో నుంచినచో, సూక్ష్మజీవులు దాని ఊపిరితిత్తులను ఆక్రమించుట కంతకన్న అనువైన స్థితి వేఱొండు లేదు. మనకు ఱొమ్మును కడుపును వేఱుచేయు కండరపుతెఱ వీనికి లేనందున, బలముగ దగ్గి శ్లేష్మమును వెలికి త్రోయజాలవు. కావుననే వ్యాధి చాలకాలము గుప్తముగ నుండును.

ఎండ కాచుకొనుచుండగా నోరు తెఱచుట సహజము. నీడనుండియు నోరు తెఱచి, మెడనెత్తి యూపిరి తీయుట, ముక్కుచెంత బుడగలు, ఈలవంటి ధ్వని, ఆహారవైముఖ్యము మాత్రము ప్రమాదసూచకములు. తాబేలు నీట నొకప్రక్కకు ఒరిగి యీదినచో న్యుమోనియాను శంకింపవలెను.

వైద్యుడు ఎక్స్‌రే తీసి, శ్లేష్మమును పరీక్షించి, సెఫ్టజిడైమ్ వంటి యాంటీబయాటిక్ నిచ్చును. కొన్నిటికి నెబ్యులైజరు వలసివచ్చును. తగిన వెచ్చదనము లేనిదే ఏ మందును సరిగా పనిచేయదు. ఇంట మిగిలిన మనుష్యుల మాత్రలను అంచనాతో వేయుట ఎంతమాత్రము కూడదు.