ముత్తాత బాప్తిస్మం ఎప్పుడు?

బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తాము యాజక వంశస్థులమని చెప్పుకున్నారు. వంశావళి గ్రంథంలో వెదికితే వారి పేర్లు కనబడలేదు. వారిని యాజకత్వంలో ఉండనియ్యలేదని ఎజ్రా రెండవ అధ్యాయంలో చదువుతాము. మన ఇండ్లలో అంత కఠినమైన పరీక్ష పెట్టేవారు లేరు గనుక తాత చెప్పినది తండ్రి, తండ్రి చెప్పినది మనము చెప్పుకుంటూ వస్తున్నాము.

టోలిచౌకి, మెహిదీపట్నం వైపు వచ్చి స్థిరపడిన ఒంగోలు ప్రాంతపు విశ్వాసులను అడిగి చూడండి. "మా ముత్తాత ఆ 2,222 మందిలో ఒకరు. క్లౌ దొరగారే స్వహస్తాలతో బాప్తిస్మం ఇచ్చారు" అంటారు. ఇలా చెప్పేవారందరి ముత్తాతలూ నిజంగా వచ్చి ఉంటే ఆ రోజు గుండ్లకమ్మ చాలేది కాదు!

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందినమాట వాస్తవమే. అయితే ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది పొందారు. మూడు రోజులకు మొత్తం 3,536 మంది. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. మన ముత్తాత వారిలో ఏ రోజువాడైనా కావచ్చును. ఇక ఆ రోజు నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినది అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరిద్దరు చొప్పున. దొరగారి చెయ్యి మాత్రం ప్రతి ఇంటి కథలో మిగిలింది. ఆ బోధకుల చేతులను మనమే మరచిపోయాము. ఇది చిన్న పొరపాటని మేము అనుకోము.

సంవత్సరం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1876-78 మహాకరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. ఆ రోజులలో బాప్తిస్మం కోరి ఎందరు వచ్చినా ఆపివేశారు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం కలిశారనే నింద రాకూడదని ఆయన ఉద్దేశ్యం. అటువంటప్పుడు కుటుంబ బైబిలు అట్టలోపల "1877 చివర బాప్తిస్మం" అని వ్రాసి ఉంటే, మరల విచారించాలి. లేకపోతే ఆ నిందను మన చేతులతో మన పెద్దల మీదనే వేసినట్లవుతుంది.

ఎక్కువ చిక్కు పేర్లతో వస్తుంది. మనలో తాత పేరు మనుమడికి పెడతారు. సమాధి రాతిమీద ఒకాయన 1949లో 58వ ఏట ప్రభువునందు నిద్రించెను అని ఉన్నదనుకోండి. పుట్టినది సుమారు 1891. ఆయన 1878లో బాప్తిస్మం ఎలా పొందుతారు? పొందినది అదే పేరుగల తాతగారు అయి ఉండవచ్చు. చెప్పుకోవడంలో ఇద్దరూ ఒక్కరై, నడుమ ఒక తరం జారిపోయింది. మత్తయి సువార్తలోనూ యెహోరాముకు, ఉజ్జియాకు నడుమ ముగ్గురు రాజుల పేర్లు లేవు గదా అని కొందరంటారు. వాటిని రాజుల గ్రంథంలో చూచుకోవచ్చును. మన ముత్తాతకు అలాంటి రెండవ గ్రంథం లేదు.

వెదికేవారు జిల్లా పేరు కూడా సరిచూచుకోవాలి. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. 1878లో ఒంగోలు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లావి. మార్కాపురం, కంభం కర్నూలువి. ఒంగోలు గుంటూరు జిల్లాలోనికి వచ్చినది 1904లో. గుంటూరు కాగితాలలో 1878 నాటి తాతను వెదికి, లేడని నిరాశపడితే లాభం లేదు. ఇంగ్లీషు నివేదికలలో ఒకే ఊరి పేరు రెండు మూడు విధాలుగా వ్రాశారు గనుక గట్టిగా పైకి చదివి చూడండి, చెవికి తెలిసిపోతుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే కుటుంబం అనుకోవద్దు.

మొదట మీ ఇంటి వృద్ధులను, ముఖ్యంగా అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చోబెట్టి అడగండి. వారికి తేదీలు గుర్తుండవు. ఏ గాలివానకు ముందు, ఎవరి పెండ్లి తరువాత అన్నది బాగా గుర్తుంటుంది. అటు తరువాత సంఘపు రిజిస్టరు, సమాధి రాయి, చివరకు మిషను నివేదికలు చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషను పాత కాగితాలు చాలావరకు అట్లాంటాలోని ఆ సంఘ చరిత్ర సంస్థలో ఉన్నాయి.

తప్పని తేలిన వాక్యాన్ని బైబిలు అట్టమీద కొట్టివేయకండి. అది వ్రాసినవారి చేవ్రాలు కూడా మన ఆస్తియే. ప్రక్కన సరియైనది, ఎక్కడ చూచారో, ఏ తేదీన చూచారో వ్రాసి, మీ పేరు పెట్టండి.