ఐదింటికే ఇల్లు చేరే నాన్నలు.. లారీ కోసం చూసే నాన్నలు

తంజోంగ్ పగార్‌లో సాయంత్రం ఆరు దాటితే ఆఫీసు టవర్లు ఖాళీ అవుతాయి. బ్యాగు తగిలించుకుని ఎమ్మార్టీ మెట్లు దిగేవాళ్లలో ఎంతోమంది నాన్నలే. ఆ టవర్లు కట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి. మనమూ నాన్నలమే. కాకపోతే ఫుట్‌పాత్ అంచున కూర్చుని డార్మిటరీ లారీ కోసం చూస్తుంటాం.

నాన్నల కోసమే ఈ దేశంలో ఒక సంస్థ ఉందని విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. నాన్నకు కూడా ట్రైనింగా అని! పేరు సెంటర్ ఫర్ ఫాదరింగ్. 2000లో మొదలైంది. స్థాపించిన వారిలో ఎడ్విన్ చాయ్ ఒకరు. తండ్రి అంటే జీతం తెచ్చేవాడు మాత్రమే కాదన్న ఒక్క మాటను పట్టుకుని తండ్రులకు క్లాసులు, తండ్రీపిల్లలకు క్యాంపులు పెడుతూ వచ్చారు. 2003లో 'కుటుంబంతో కలిసి భోంచేసే రోజు' తెచ్చారు. ఆ రోజు ఉద్యోగులను పెందలాడే ఇంటికి పంపమని కంపెనీలను అడుగుతారు. 2009లో మొదలైన 'డాడ్స్ ఫర్ లైఫ్' ఉద్యమం బాధ్యత కూడా తర్వాత ఈ సంస్థకే వచ్చింది. బ్రయన్ టాన్ రెండింటికీ సీఈఓగా పనిచేశారు. జనవరిలో బళ్లు తెరిచినప్పుడు పిల్లల్ని నాన్నలే దింపి రావాలని ఇంకో కార్యక్రమం.

ప్రభుత్వమూ కదిలింది. బిడ్డ పుడితే తండ్రికిచ్చే సెలవు 2013లో వారం, 2017లో రెండు వారాలు, 2025 ఏప్రిల్ 1 నుంచి నాలుగు వారాలు. బిడ్డ సింగపూర్ పౌరుడై ఉండాలి సుమా. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనకు భార్యాబిడ్డలను తెచ్చుకునే వీలే లేదు.

మరి ఇదంతా మనకెందుకంటారా? మన ఫోన్లు ఎలా నడుస్తాయో మనకు తెలియనిదా! డబ్బులు అందాయా.. బాగా చదువుతున్నావా.. అంతే, ఆ పైన మాట దొరకదు. పిల్లాడు 'ఇదిగో అమ్మా' అని ఫోన్ ఇచ్చేస్తాడు. మొన్న మాలో ఒకాయనను మీ అమ్మాయి ఏ సెక్షన్ అని అడిగితే చెప్పలేకపోయాడు. ఎవరం నవ్వలేదు. మాలో సగం మందికి తెలియదు.

ఆ భోజనాల రోజు సంగతి విన్నాక మేం కొందరం ఒకటి మొదలుపెట్టాం. ఇంటికీ మనకూ రెండున్నర గంటల తేడా. వాళ్లు రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుంటే ఇక్కడ పదిన్నర, తెల్లారితే డ్యూటీ. అందుకని ఆదివారం పట్టుకున్నాం. అక్కడ పన్నెండున్నర అయితే ఇక్కడ మూడు. అప్పటిదాకా ఆకలి ఓర్చుకుని, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి అందరం ఒకేసారి తింటాం. ఆ పూట డబ్బు మాట ఎత్తకూడదన్నది షరతు.

మొదటి వారం నమలడమే వినిపించింది. రెండో వారం ఒక పిల్లాడు 'నాన్నా, నీ కూరేంటి?' అన్నాడు.

ఇక జూన్ 12న మన ఊళ్లలో బళ్లు తెరుస్తారు. అక్కడ ఏడున్నరకు పిల్లలు బయల్దేరేసరికి ఇక్కడ పది, సైట్‌లో టీ టైము. ఆ రోజు టీ మానేసినా ఫోన్ మానకూడదనుకున్నాం.