నొప్పికి సాక్ష్యం ఎవరు?

నడుము నొప్పని వచ్చిన దళిత కూలీ స్త్రీకి ఆసుపత్రిలో తరచూ దొరికే జవాబు ఒకటే: "ఎక్స్‌రేలో ఏం లేదమ్మా." ఆమె ఒళ్లు ఒకటి చెప్తుంది, ఫిల్ము ఇంకొకటి చెప్తుంది. దేన్ని నమ్మాలి? ఇది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదని మేము అంటున్నాము. ఎవరి మాట చెల్లుతుంది అనే కుల సమాజపు పాత తగవు ఇక్కడా ఉంది.

మూడు నెలలు దాటి ఉండే, లేదా మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ మానినా నరాల వ్యవస్థ సున్నితమైపోయి నొప్పి కొనసాగవచ్చు. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గానీ నొప్పి కనపడదు. నొప్పే లేనివాళ్ల వెన్నులో కూడా స్కానింగులో అరుగుదల కనిపిస్తుంటుంది.

ఫ్లోరోసిస్‌నే తీసుకుందాం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు దీన్ని 1937లోనే నమోదు చేశారు. నల్లగొండ పల్లెలు తరాల తరబడి దీన్ని మోశాయి. ఈ జబ్బు తొలి దశలో కీళ్ల నొప్పులు, పట్టేయడం ముందొస్తాయి. ఎముకల్లో మార్పులు ఎక్స్‌రేకి అందేది తర్వాత. ఆ నొప్పిని 'కీళ్లవాతం' అని పంపించేస్తే తాగే నీళ్ల సంగతి ఎవరూ అడగరు.

మన ఆడవాళ్లు 'నొప్పి' అని ఒక్క మాటతో సరిపెట్టరు. సలుపు, పోటు, గుంజుడు, పీకుడు, తిమ్మిరి, మంట అంటారు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టుండడం నరాల జబ్బును సూచిస్తాయి. పొద్దున్నే అరగంటకు పైగా పట్టేసి, కదిలితే సడలేదైతే కీళ్లవాపు జబ్బును అనుమానించాలి. పొద్దంతా వంగి నాట్లేస్తే పెరిగి, పడుకుంటే తగ్గేది ఇంకొకటి. చీటీ మీద మాత్రం ఇవన్నీ 'ఒళ్లు నొప్పులు' అయిపోతాయి.

"పిల్లల ఆపరేషన్ అయిన కాణ్ణుంచి నడుము పోయింది" అని చాలామంది అంటారు. డాక్టరు అపోహ అని కొట్టిపారేస్తాడు. కారణం విషయంలో ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ కోత తనకే పడిందని, కోలుకోక ముందే కూలికి పోవాల్సి వచ్చిందని ఆమె చెప్తున్నది కూడా రోగ చరిత్రే.

"వంగకు, బరువులెత్తకు" అంటారు. వంగకపోతే కూలి ఎక్కడిది? అందుకే సూది, బిళ్ల. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలు నడుం బెల్టునీ, ట్రాక్షన్‌నీ మామూలు చికిత్సగా వాడొద్దన్నాయి. రోగికి వివరించి చెప్పడాన్నీ, వ్యాయామాన్నీ సిఫారసు చేశాయి. నిమిషానికొకరిని పంపే ఓపీలో వివరించేదెవరు?

నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటను గౌరవించాలని నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనపు వివరణలో రాసింది. కాబట్టి ఇది డాక్టరు దయ కాదు, వైద్య నియమం. ఏం పని చేస్తావు, ఏ నీళ్లు తాగుతావు, ఎప్పుడు పెరుగుతుంది, ఎలా ఉంటుంది? ఈ నాలుగూ అడిగి, ఆమె మాటల్లోనే రాయాలని ప్రతి పల్లె ఆసుపత్రిలో మన సంఘాలు పట్టుబట్టాలి.