నాలుగింటికే పోలింగ్ ముగిసే ఊళ్లు

2023 నవంబరు 30, అసెంబ్లీ ఎన్నికల రోజు. జనగామ జిల్లా కొడకండ్లలో సాయంత్రం ఐదు దాకా ఓట్లు వేశారు. భూపాలపల్లి జిల్లా పలిమెలలో మాత్రం నాలుగింటికే పోలింగ్ బంద్. మావోయిస్టు ప్రభావం ఉన్నవిగా గుర్తించిన 13 నియోజకవర్గాల్లో గంట ముందే ముగించాలని ఎన్నికల సంఘం చెప్పింది. పలిమెల మండలమున్న మంథని, పక్కనున్న భూపాలపల్లి, ములుగు మూడూ ఆ జాబితాలోవే. పొద్దుగూకేలోపు ఓటింగ్ యంత్రాలూ సిబ్బందీ అడవి దాటాలి.

ఆ జాగ్రత్త ఊరికే వచ్చింది కాదు. అసెంబ్లీ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును 1999 ఏప్రిల్ 13న నక్సలైట్లు చంపింది పలిమెల పక్కనున్న మహదేవపూర్ అడవుల్లోనే. రాత్రి అన్నలు, పగలు పోలీసులు వచ్చిపోయిన ఊళ్లు ఇవి. ఒకరికి అన్నం పెడితే రెండోవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. సరిహద్దు ఊరి కష్టాల్లో మనకు పేపర్లో కనబడేది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా నీళ్లు, దారి, బడి, కాగితం. వాటి గురించి రాసేవాళ్లు తక్కువ.

పలిమెల 2016లో మండలమైంది. అంతకుముందు కరీంనగర్ జిల్లా మహదేవపూర్ మండలంలో ఉండేది. ఒక దిక్కు అడవి, ఒక దిక్కు గోదావరి. ఒడ్డున నిలబడితే కనిపించే అవతలి గట్టు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. చేరువలోనే ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి కింద అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాలు ఒకే నీళ్ల దగ్గర కలిసే చోటిది.

సిరొంచ వైపు ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పిల్లలు బడిలో చదివేది మరాఠీ. ఇటువాళ్లు అటు పిల్లనిస్తారు, అటువాళ్లు ఇటు తెచ్చుకుంటారు. ఈ గీత నది మీద పడింది 1860లో. ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. కుడి ఒడ్డు ఆయన దగ్గరే ఉండిపోయింది. చుట్టాలు రెండు పాలనల కిందికి పోయారు.

ఇంగ్లీషువాళ్లకు ఆ ఒడ్డు ఎందుకంటే, నాగపూర్ వైపు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా తీసుకుపోవాలని. సర్ ఆర్థర్ కాటన్‌కు ఎంతో ఇష్టమైన ఆలోచన అది. నదికి అడ్డంగా ఉన్న రాతిబండల వరసల్లో రెండోది పలిమెలకు దగ్గరలోని ఇచ్చంపల్లి దగ్గరుంది. ఏళ్ల తరబడి పని చేయించి, రైలు వచ్చాక 1871లో మొత్తం వదిలేశారు. తర్వాత అదే ఇచ్చంపల్లి పేరు మీద మూడు రాష్ట్రాల భారీ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చింది, ముంపు లెక్కల దగ్గర ఆగింది. ఇప్పుడు గోదావరి–కావేరి అనుసంధానం మాట వచ్చినప్పుడల్లా ఆ పేరు మళ్లీ వినిపిస్తోంది. నూటయాభై ఏళ్లకు పైగా ఎవరో ఒకరు ఈ నీళ్ల మీద పెద్ద లెక్క వేస్తూనే ఉన్నారు.

ఎగువన కట్టిన మేడిగడ్డ బ్యారేజీ సంగతి అందరికీ తెలిసిందే. 85 గేట్లతో 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి. నిలవ నీళ్లకు తమ పొలాలు మునిగాయని సిరొంచ రైతులు పరిహారం కోసం ఆందోళన చేశారు. ఒడ్డు మారితే సర్కారు మారుతుంది. అటు మునిగిన పొలానికి ఇటు హైదరాబాద్‌లో అడగాలా, అటు ముంబైలో అడగాలా అన్నది రైతుకు తేలని చిక్కు.

ఈ అడవుల్లో బతుకుదెరువు ఎండాకాలానిది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకు మూటలతో తిరిగొస్తారు. అరుగు మీద కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కడతారు. చిరిగినదీ, మచ్చలున్నదీ తీసిపారేస్తారు. సాయంత్రం కల్లానికి మోసుకుపోతే కల్లేదారు లెక్కపెడతాడు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే యాభై వేల ఆకులు, ప్రతిదీ చేత్తో తెంపిందే. ఒక్క గాలివాన పడితే కల్లంలో ఆరబెట్టిన ఆకు పాడైపోతుంది. మహదేవపూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచే కుటుంబాలూ ఉన్నాయి. కొడకండ్ల లాంటి చేనేత ఊళ్లవాళ్లకు ఆ దారం విలువ చెప్పనక్కర్లేదు. ఆ పురుగులకు పిట్టల నుంచి రాత్రింబవళ్లు కాపలా కాసేవాళ్ల సంగతే బయటికి తెలియదు.

ఇవన్నీ కనీసం ఊరు పేరు, రేషన్ కార్డు ఉన్నవాళ్ల కష్టాలు. ఆ రెండూ సరిగా లేనివాళ్లున్నారు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీదికి గిరిజనులనే ఉసిగొల్పిన ఆ ఉద్యమంలో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. ఇటు మావోయిస్టులు, అటు సల్వాజుడుం. మధ్యలో నలిగిన మురియా, మాడియా గోండు కుటుంబాలు వేల సంఖ్యలో అడవి దారిన అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు నడిచొచ్చాయి. మనవాళ్లు వాళ్లను గుత్తికోయలన్నారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పిచ్చింది. అప్పటికే ఆ కుటుంబాలు ఇక్కడ గుడిసెలు వేసుకుని, కాస్త పోడు కొట్టుకుని, మిర్చి తోటల్లో కూలికి కుదిరాయి.

అటవీ హక్కుల చట్టం ఒక గడువు పెట్టింది: 2005 డిసెంబరు 13. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే పట్టా. సల్వాజుడుం మొదలైన ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది! నిప్పుకు జడిసి పారిపోయి వచ్చినవాళ్లలో అత్యధికులు ఆ తేదీకి అవతలే ఉండిపోయారు. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టినప్పుడూ వాళ్లు బయటే. ఎస్టీ సర్టిఫికెట్ సంగతీ అంతే. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. అక్కడ ఆదివాసీ అయిన మనిషికి రాష్ట్రపు హద్దు దాటితే ఆ గుర్తింపు చెల్లదు. ఇది న్యాయం కాదు.

మేడారం జాతరకు పోయేవాళ్లకు తాడ్వాయి తెలుసు. ఆ మండలంలోని జలగలంచ అనే గుత్తికోయ గూడేన్ని 2017 సెప్టెంబరులో అటవీ సిబ్బంది యంత్రాలతో కూల్చారు. అడ్డుపడ్డ ఆడవాళ్లను చెట్లకు కట్టేశారన్న వార్త దుమారం రేపింది. అప్పటికి అది భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. తర్వాతి నెలలో హైకోర్టు కలగజేసుకుని, వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టొద్దని ఆదేశించింది. అడవిని కాపాడాలన్నది నిజమే, పోడు పేరిట చెట్లు పోతున్న మాటా నిజమే. కానీ పోయేందుకు ఇంకో ఊరు లేని మనిషి గుడిసె మీదికి యంత్రం నడపడం దానికి జవాబు కానేరదు.

అలాంటి గూడెంలో ఎండాకాలపు నీళ్లంటే చెలిమె. ఎండిన వాగులో ఇసుకను మోకాలి లోతున తోడి వదిలేస్తే అడుగున నీరు ఊరుతుంది. మొదట వచ్చిన మురికి నీళ్లు పారబోసి, తేటపడేదాకా ఆగి, సొరకాయ బుర్రతో చెంబెడు చెంబెడు బిందెలోకి ఎత్తాలి. ఒక బిందె నిండాక మళ్లీ ఊరేదాకా రెండో బిందె కాచుకుని ఉండాలి. రోగం వస్తే జెట్టీ కడతారు. మంచానికి తాళ్లు బిగించి, పొడుగాటి వెదురుబొంగుకు వేలాడదీసి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. భుజాలు మార్చుకుంటూ 108 వచ్చే రోడ్డు దాకా నడుస్తారు. దారిలో వాగు పొంగి ఉంటే గట్టున ఆగాల్సిందే.

వాగు ఏం చేయగలదో 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా అంతా చూసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు తెల్లారేసరికి మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాలూ చెట్లూ ఎక్కారు. హెలికాప్టర్లు వచ్చి కొందరిని కాపాడాయి, కొందరు కొట్టుకుపోయారు. మోరంచపల్లి పెద్ద రోడ్డు మీది ఊరు. రోడ్డే లేని గూడేల పరిస్థితి ఎవరైనా ఊహించుకోవచ్చు.

హద్దు దాటొచ్చి కాగితం లేక మిగిలిపోయిన గుత్తికోయల లాంటి కథే ప్రపంచంలో ఇంకో చివర, న్యూగినియా దీవిలో ఉంది. 141 డిగ్రీల రేఖాంశం వెంట దాదాపు నిట్టనిలువుగా గీసిన గీత దీవిని ఇండోనేషియాకూ, పాపువా న్యూగినీకీ పంచింది. 1984లో ఇండోనేషియా సైన్యానికి భయపడి పది వేల మందికి పైగా పాపువన్లు గీత దాటి పాపువా న్యూగినీలోకి వచ్చారు. వాళ్లలో చాలామందిని ఈస్ట్ ఆవిన్ అనే అడవి ప్రాంతంలో ఉంచారు. రోడ్డు సరిగా లేని, మలేరియా ప్రబలిన చోటు. అక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయినా కాగితం రాలేదు. ఎట్టకేలకు 2017లో పాపువా న్యూగినీ వాళ్లకు పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు దాటింది దేశపు హద్దు. మన గుత్తికోయలు దాటింది రాష్ట్రపు హద్దు, పుట్టుకతోనే భారత పౌరులు. వీళ్లకు ఇంకా తేలిక కావాల్సింది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా, ములుగు జిల్లా మిర్చి తోటల్లో కాయ కోయడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల తోటివాళ్లతో కలిసి ఇంటికి నడక మొదలుపెట్టింది. బస్సుల్లేవు, రోడ్డెక్కితే ఆపుతారని అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచి, ఇల్లు కాస్త దూరంలో ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. బడిలో ఉండాల్సిన ఈడు. మనం వంటలో వేసుకునే కారం ఎవరి చేతుల మీదుగా వస్తోందో ఆ చావు చెప్పింది.

అడవిలో పక్కా కట్టడానికి అటవీ శాఖ ఒప్పుకోదన్న చిక్కును దాటేందుకు 2024లో ములుగు జిల్లాలో ఒక ఉపాయం చేశారు. తాడ్వాయి మండలం పోచాపూర్‌లో ఇనుప కంటైనర్‌ను ఆసుపత్రిగా మార్చి పెట్టారు. కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో ఇంకో కంటైనర్‌ను బడి చేశారు. పునాది తవ్వకుండా, చెట్టు కొట్టకుండా తెచ్చి నిలబెట్టే గదులివి. పట్టా తేలేదాకా పిల్లలు అక్షరం కోసం ఆగక్కర్లేదని ఆ రెండు పెట్టెలూ చూపించాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు తెలుగు వాచకం మొదటి రోజు పరాయి పుస్తకమే, అందుకని కోయ వచ్చిన టీచరు కావాలి. టీకాలకు, కాన్పులకు ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్త కావాలి. చెలిమె దగ్గర ఒక బోరు కావాలి. వీటిలో ఏదీ 2005 డిసెంబరు 13 అనే తేదీతో ముడిపడిందేమీ కాదు, జిల్లా కలెక్టర్ స్థాయిలో ఈ ఏడే జరిగిపోయే పనులు.